నాలుగు కంపెనీల లెక్క ఒకే పట్టీలో: మా గుంటూరు ఆఫీసులో కన్సాలిడేషన్ ఎలా చేస్తామంటే

2015 మే మొదటి వారంలో మా చైర్మన్ గారు అకౌంట్స్ గదిలోకి వచ్చి, "ఏమ్మా, ఈ కన్సాలిడేషన్ అంటే నాలుగు కంపెనీల లెక్కలూ కూడటమేగా? రెండ్రోజుల్లో అయిపోద్దా?" అని అడిగారు. "అయిపోతుంది సార్" అన్నాను. జులై రెండో వారానికి గానీ అవలేదు. అప్పటికే నాకు ఈ పనిలో పద్నాలుగేళ్ల అనుభవం. బ్రాడీపేటలో ఒక సీఏ గారి ఆఫీసులో చిట్టా, ఆవర్జా, అంకణా అంటూ మొదలుపెట్టి టాలీ సాఫ్ట్‌వేర్ దాకా వచ్చినదాన్ని. అయినా పప్పులో కాలేశాను.

ఆ సంవత్సరమే ఎందుకంటే, కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 129(3) 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు కన్సాలిడేటెడ్ లెక్కలు లిస్టెడ్ కంపెనీల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లం. ఈ సెక్షన్ వచ్చాక ఒక్క సబ్సిడరీ (తన అదుపులో ఉన్న కంపెనీ) ఉన్నా సరే, ప్రైవేటు లిమిటెడ్ అయినా సరే, తన సొంత లెక్కలతో పాటు గ్రూపు మొత్తం లెక్క కూడా తయారుచేసి వార్షిక సమావేశంలో పెట్టాల్సిందే.

మాది మిర్చి వ్యాపారం. పైన కారం పొడి ఆడించే కంపెనీ ఉంటుంది, అదే హోల్డింగ్. దాని కింద ఒక కోల్డ్ స్టోరేజ్ ఉంది, అందులో మాకు 80 శాతం వాటా. యార్డులో సరుకు కొనిపెట్టే కంపెనీ ఇంకొకటి, అది నూటికి నూరు శాతం మాదే. ఒక లారీల కంపెనీలో 30 శాతం ఉంది. దుబాయ్ కంపెనీ తర్వాత వచ్చింది. కింద రాసిన అంకెలు తేలిగ్గా అర్థమవడానికి గుండ్రంగా మార్చినవి. పద్ధతి మాత్రం మేం రోజూ చేసేదే.

మొదట ఒక్క మాట. కన్సాలిడేషన్ అంటే కంపెనీలను కూడటం కాదు, అవన్నీ ఒకే ఇల్లు అనుకుని లెక్క రాయడం. ఇంట్లో నాన్న దగ్గర పెద్దాడు పదివేలు అప్పు తీసుకున్నాడు. నాన్న పుస్తకంలో అది రావలసిన బాకీ, పెద్దాడి పుస్తకంలో తీర్చాల్సిన బాకీ. పక్కింటాయన వచ్చి "మీ ఇంటికి బయటి నుంచి ఎంత రావాలి?" అని అడిగితే ఆ పదివేలు చెప్తామా? చెప్పం. ఇంటి గడప దాటి బయటికి వెళ్లిందీ, బయటి నుంచి గడప లోపలికి వచ్చిందీ మాత్రమే లెక్క. ఎక్కడ చిక్కుకున్నా ఈ గడప దగ్గరికొచ్చి నిలబడి ఆలోచిస్తే దారి కనిపిస్తుంది.

గడప లోపల ఎవరెవరు?

వాటా శాతం ఒక్కటే చూసి తేల్చకండి. మొత్తం ఓటింగ్ హక్కుల్లో సగానికి మించి ఉంటే సబ్సిడరీ. సగం లేకపోయినా బోర్డులో ఎవరుండాలో మీరే నిర్ణయిస్తుంటే అదీ సబ్సిడరీయే. 45 శాతం వాటా, ఆరుగురు డైరెక్టర్లలో నలుగురిని వేసే హక్కు అగ్రిమెంటులో ఉందంటే అది లోపలిదే. అందుకే షేర్ల రిజిస్టర్‌తో పాటు షేర్‌హోల్డర్ల అగ్రిమెంటు కూడా ముందేసుకుని చదవాలి. 20 శాతం నుంచి సగం దాకా ఉంటే మామూలుగా అసోసియేట్, అంటే మన మాట చెల్లుతుంది గానీ అదుపు మనది కాదు. మా లారీల కంపెనీ అలాంటిదే.

ఇంకో మెలిక ఉంది. హోల్డింగ్‌కి కోల్డ్ స్టోరేజ్‌లో 80 శాతం, కోల్డ్ స్టోరేజ్‌కి వేరే ఐస్ ప్లాంటు కంపెనీలో 60 శాతం ఉన్నాయనుకోండి. గుణిస్తే మనకి 48 శాతమే. సగం లేదు కదా, వదిలేద్దామా? కుదరదు. అదుపు చూసేటప్పుడు గుణకారం లేదు: కోల్డ్ స్టోరేజ్ మన చేతిలో, ఐస్ ప్లాంటు దాని చేతిలో, కాబట్టి ఐస్ ప్లాంటూ మన చేతిలోనే. ఆ 48 పనికొచ్చేది లాభం పంచేటప్పుడు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే పొరపాటు దీనికి ఎదురుది. అన్నగారిది ఒక కంపెనీ, తమ్ముడిది ఒకటి, వదినగారి పేరు మీద ఇంకొకటి. ఊళ్లో అందరూ "ఫలానా వాళ్ల గ్రూపు" అంటారు. బ్యాంకు మేనేజర్ కూడా గ్రూపు లెక్క తెమ్మంటాడు. కానీ షేర్లు మనుషుల పేర్ల మీద ఉన్నాయి, ఏ కంపెనీ చేతిలోనూ ఇంకో కంపెనీ లేదు. వాటికి కన్సాలిడేషన్ రాదు. వాళ్ల మధ్య లావాదేవీలు రిలేటెడ్ పార్టీ (సంబంధీకుల) నోట్‌లో చూపించాలి, అంతే. బ్యాంకుకి కావాలంటే కలిపిన పట్టీ ఒకటి వేరుగా ఇవ్వండి గానీ దాని మీద కన్సాలిడేటెడ్ అని రాయకండి.

ఆ నోట్ ఎంత ముఖ్యమో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, తన చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. ఇన్వెస్టర్లు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7 నాటి లేఖలో రామలింగరాజు, నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని, లేని ఆస్తుల స్థానంలో నిజం ఆస్తులు పెట్టడానికి మేటాస్ కొనుగోలు చివరి ప్రయత్నమని రాశారు. గడప బయట ఉన్న చుట్టాల కంపెనీని గడప లోపలికి తెచ్చే రోజున లెక్క రాసేవాళ్లు రెండు కళ్లూ తెరిచి ఉండాలని నేను మా పిల్లలకు, అంటే ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు, ఈ కథే చెప్తాను.

ఏ అకౌంటింగ్ స్టాండర్డ్ (లెక్కలు రాసే ప్రమాణం, పొట్టిగా ఏఎస్; పెద్ద కంపెనీలవి ఇండ్ ఏఎస్) అనేది మీ ఆడిటర్ గారు చెప్తారు. లిస్టెడ్ కంపెనీలకూ, నెట్‌వర్త్ 250 కోట్లు, అంతకు మించి ఉన్నవాటికీ, వాటి గ్రూపు కంపెనీలకూ ఇండ్ ఏఎస్ 110, 103, 28 వర్తిస్తాయి. మాలాంటి వాళ్లకు ఏఎస్ 21, అసోసియేట్లకు ఏఎస్ 23. నేను రాసేది ఏఎస్ లెక్క. ఇండ్ ఏఎస్‌లో తేడా వచ్చేచోట చెప్తాను.

పని మేలో కాదు, మార్చిలో

మాకు మార్చి 31 అంటే సీజన్ నడిమధ్య. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు ఎర్రగా నిండి ఉంటుంది, గాల్లో ఘాటుకి ఆడిటర్ గారి కుర్రాళ్లు తుమ్ముతూ స్టాకు లెక్కపెడతారు. సంవత్సరం ముగిసే రోజున మా కంపెనీల మధ్య సరుకు కదలికలు ఆగవు. కాబట్టి తేడాలన్నీ ఆ రోజు చుట్టూనే పుడతాయి.

ఒక సంవత్సరం నాకు దొరికిన తేడా 18 లక్షల 90 వేలు. కొనుగోళ్ల కంపెనీ పుస్తకంలో కారం కంపెనీ అంత బాకీ ఎక్కువ ఉంది, కారం కంపెనీ పుస్తకంలో లేదు. మూడు రోజులు వెతికాను. యార్డులో ముప్పై ఏళ్లుగా ఉన్న గుమాస్తా బాబాయ్‌కి ఫోన్ చేస్తే, "లారీ ఎక్కించాక నా పని అయిపోయిందమ్మాయ్, దిగిందో లేదో వాళ్లనడుగు" అన్నాడు. మార్చి 31 సాయంత్రం బిల్లు కొట్టి లారీ పంపారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా వేసింది ఏప్రిల్ 1 పొద్దున. అమ్మినవాళ్లు స్టాకులోంచి తీసేశారు, కొన్నవాళ్లు స్టాకులోకి తీసుకోలేదు. కూడితే ఒక లారీడు మిర్చి మాయం!

సరిచేసే తీరు ఇది. కన్సాలిడేషన్ షీటులో కారం కంపెనీ వైపు ఆ కొనుగోలు ఎక్కించి, సరుకును "దారిలో ఉన్న సరుకు"గా స్టాకులో పెట్టాలి. అప్పుడు రెండు వైపులా బాకీ ఒకటే అవుతుంది, కొట్టేయొచ్చు. బిల్లు 18 లక్షలు, దాని మీద 5 శాతం జీఎస్టీ 90 వేలు. బాకీ కొట్టేసేది 18.90 లక్షలు. అమ్మకం, కొనుగోలు కొట్టేసేది 18 లక్షలే. జీఎస్టీ జోలికి పోకూడదు, అది మనకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న పద్దు. గడప బయటిది.

టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా అంతే. కారం కంపెనీ కోల్డ్ స్టోరేజ్‌కి 2 కోట్లు 10 శాతం వడ్డీకి ఇచ్చింది. వడ్డీ 20 లక్షలు. కోల్డ్ స్టోరేజ్ 2 లక్షలు టీడీఎస్ పట్టుకుని 18 లక్షలు ఇస్తుంది. వడ్డీ ఆదాయం 20, వడ్డీ ఖర్చు 20 కొట్టేయాలి. 2 కోట్ల అప్పూ కొట్టేయాలి. కానీ కారం కంపెనీకి రావలసిన 2 లక్షల టీడీఎస్ అలాగే ఉంచాలి. మార్చిలో పట్టుకున్న టీడీఎస్ ఇంకా కట్టకపోతే కోల్డ్ స్టోరేజ్ వైపు 2 లక్షల బాధ్యతా అలాగే ఉండాలి. ఒకవైపు రావాలి, ఒకవైపు కట్టాలి, అంకె ఒకటే కదా అని కొత్తవాళ్లు ఈ రెంటినీ టక్కున కొట్టేస్తారు. ఎదుటి పార్టీ ఎవరో చూడరు.

కోల్డ్ స్టోరేజ్ అద్దె గొడవ ఇంకో రకం. బస్తాలు లోపలికి రాగానే కోల్డ్ స్టోరేజ్ అకౌంటెంట్ సీజన్ మొత్తం అద్దె, తొమ్మిది నెలలకు 27 లక్షలు, ఆదాయంగా రాసేశాడు. కొనుగోళ్ల కంపెనీ మార్చి వరకు అయిన ఒక్క నెల అద్దె, 3 లక్షలే ఖర్చు రాసింది. తేడా 24 లక్షలు. దీన్ని షీటులో సర్దకూడదు. ఎందుకంటే తప్పు గ్రూపు లెక్కలో లేదు, కోల్డ్ స్టోరేజ్ సొంత పుస్తకంలోనే ఉంది. ఇంకా ఇవ్వని సేవకి ఆదాయం రాశారు. అక్కడికి వెళ్లి అక్కడే సరిచేయించాలి. ఒక కంపెనీ పుస్తకంలో తప్పును కన్సాలిడేషన్ షీటులో దాచిపెడితే ఆ కంపెనీ సొంత బ్యాలెన్స్ షీట్ తప్పుగానే మిగిలిపోతుంది, దాని మీదా సంతకాలు పడతాయి.

ఇదంతా చూశాక మేం పెట్టుకున్న కట్టుబాట్లు కొన్నే. అన్ని కంపెనీల టాలీలోనూ గ్రూపు కంపెనీల లెడ్జర్లన్నీ ఒకే పేరుతో మొదలవుతాయి, వెతుక్కోవాల్సిన పని లేకుండా. ప్రతి నెలా 5వ తేదీకి జంట జంటగా లెడ్జర్లు పక్కపక్కన పెట్టి సరిచూస్తాం. తేదీ దగ్గర పేచీ వస్తే అమ్మినవాళ్ల బిల్లు తేదీదే మాట. మార్చి 25 తర్వాత కంపెనీల మధ్య వెళ్లే ప్రతి లారీ నంబరూ ఒక కాగితం మీద రాసి నా టేబుల్ మీదకు రావాలి. బాబాయ్ దీనికి మొదట చాలా గొణిగాడు. ఇప్పుడు ఆయనే వాట్సాప్‌లో ఫొటో పెడతాడు.

టాలీలో గ్రూపు కంపెనీ అని ఒక సదుపాయం ఉంది. కంపెనీలన్నిటినీ కలిపి ఒకేచోట చూపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కూడిపెడుతుంది, కానీ దేన్ని కొట్టేయాలో దానికి తెలీదు. కూడికకు వాడుకోండి, మిగతాది ఎక్సెల్‌లో చేసుకోవాల్సిందే.

లెక్క రాసే పద్ధతులు కూడా మార్చిలోపే సరిచూసుకోండి. ఒక కంపెనీ స్టాకును ఫిఫోలో (ముందు కొన్నది ముందు పోయినట్టు), ఇంకొకటి అదే రకం సరుకును సగటు ధరలో కడితే గ్రూపు లెక్కకు ఒకే పద్ధతికి తేవాలి.

1.9 కోట్ల తప్పు

ఇప్పుడు నేను కాలేసిన పప్పు దగ్గరికి వద్దాం.

కోల్డ్ స్టోరేజ్‌లో 80 శాతం 2012 ఏప్రిల్ 1న 6 కోట్లకు కొన్నాం. ఆ రోజు దాని మూలధనం 5 కోట్లు, రిజర్వులు (పోగైన లాభాలు) 1.5 కోట్లు, మొత్తం 6.5 కోట్లు. 2015 మార్చి 31కి మూలధనం అదే 5 కోట్లు, రిజర్వులు 3.5 కోట్లకు పెరిగాయి. కారం కంపెనీ సొంత రిజర్వులు 12 కోట్లు.

నేనేం చేశానంటే 12కి 3.5 కలిపి గ్రూపు రిజర్వులు 15.5 కోట్లు అని రాశాను. చైర్మన్ గారు ఆ కాగితం చూసి మురిసిపోయారు కూడా. ఆడిట్‌కి వచ్చిన ఆర్టికల్స్ అమ్మాయి, అంటే సీఏ శిక్షణలో ఉన్న పిల్ల, ఇంకా ఫైనల్ పాస్ కాలేదు, "మేడం, కొన్నప్పుడు ఉన్న ఒకటిన్నర కోటి మీ సంపాదన ఎలా అవుతుంది?" అంది. నోట మాట రాలేదు.

నిజమే. ఆ 1.5 కోట్లు మేం రాకముందు ఎవరో సంపాదించింది. దాన్ని మేం డబ్బిచ్చి కొనుక్కున్నాం. కొనుక్కున్నదాన్ని లాభమని చెప్పుకోలేం. ఇలా వేయాలి:

కొన్న రోజు నికర ఆస్తులు 6.5 కోట్లు. అందులో మా 80 శాతం 5.2 కోట్లు. ఇచ్చింది 6 కోట్లు. ఎక్కువ ఇచ్చిన 80 లక్షలు గుడ్‌విల్. తక్కువకే వచ్చి ఉంటే ఆ తేడా క్యాపిటల్ రిజర్వ్ అయ్యేది.

కొన్న తర్వాత పెరిగిన రిజర్వులు 3.5 లోంచి 1.5 తీస్తే 2 కోట్లు. అందులో మా వాటా 1.6 కోట్లు. గ్రూపు రిజర్వులు 12 కలిపి 1.6, అంటే 13.6 కోట్లు.

మిగతా 20 శాతం వాళ్లది మైనారిటీ ఇంట్రెస్ట్. మార్చి 31 నాటి నికర ఆస్తులు 8.5 కోట్లు, అందులో 20 శాతం 1.7 కోట్లు. సరిచూసుకోవాలంటే ఇంకో దారిలో వెళ్లండి: కొన్న రోజు 6.5 లో 20 శాతం 1.3, తర్వాతి 2 కోట్లలో 20 శాతం 0.4, రెండూ కలిపి 1.7. రెండు దారులూ ఒకేచోట కలవకపోతే పేజీ తిప్పొద్దు.

నేను రాసిన 15.5కీ, రావలసిన 13.6కీ తేడా 1.9 కోట్లు. ఇందులో 1.2 కోట్లు కొన్ననాటి రిజర్వుల్లో మా వాటా, 0.7 కోట్లు మైనారిటీ వాళ్ల సొమ్ము. చైర్మన్ గారికి వెళ్లి చెప్పాలి కదా, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఆయన కాసేపు ఊరుకుని, "అంటే ఆ ఇరవై శాతం వాళ్ల డబ్బు కూడా మన జేబులో వేశావన్నమాట" అని నవ్వారు. ఆయనకు ఒక్క ముక్కలో అర్థమైంది, నాకే అన్నిరోజులు పట్టింది.

ఒక సంగతి గమనించండి. కోల్డ్ స్టోరేజ్ ఆస్తులు, అప్పులు మాత్రం వందకి వంద శాతం తీసుకుంటాం, 80 శాతం కాదు. భవనం మొత్తం మన అదుపులో ఉంది కాబట్టి మొత్తం చూపిస్తాం, అందులో ఎవరి వాటా ఎంతో కింద మైనారిటీ ఇంట్రెస్ట్‌గా చెప్తాం. దాని షేర్ క్యాపిటల్ 5 కోట్లు మాత్రం పూర్తిగా మాయమవుతుంది. గ్రూపు పట్టీలో షేర్ క్యాపిటల్ అంటే హోల్డింగ్ కంపెనీది ఒక్కటే.

డివిడెండ్ దగ్గర కూడా జాగ్రత్త. కోల్డ్ స్టోరేజ్ 50 లక్షలు డివిడెండ్ ఇస్తే కారం కంపెనీకి వచ్చిన 40 లక్షలు గ్రూపు ఆదాయం కాదు, కొట్టేయాలి. మిగతా 10 లక్షలు మైనారిటీ ఇంట్రెస్ట్ లోంచి తగ్గుతుంది.

ఇండ్ ఏఎస్ వాళ్లకు ఇక్కడ పని ఎక్కువ. కొన్న రోజు ఆస్తులు పుస్తక విలువలో కాక ఫెయిర్ వాల్యూలో తీసుకోవాలి, వాల్యుయర్ కావాలి. సబ్సిడరీ నష్టాల్లో మునిగితే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది: ఏఎస్ 21లో మైనారిటీ వాటా సున్నా అయ్యాక మిగతా నష్టం, వాళ్లు భరిస్తామని కట్టుబడి ఉంటే తప్ప, హోల్డింగ్ మీదే పడుతుంది. ఇండ్ ఏఎస్‌లో వాళ్ల వాటా సున్నా కిందికీ వెళ్తుంది.

బస్తాల్లో దాక్కున్న లాభం

కొనుగోళ్ల కంపెనీ యార్డులో కొన్న ధర మీద 20 శాతం వేసుకుని కారం కంపెనీకి అమ్ముతుంది. సంవత్సరంలో 12 కోట్ల సరుకు అమ్మింది. మార్చి 31న అందులో 1.8 కోట్ల సరుకు కారం కంపెనీ దగ్గర ఇంకా అలాగే ఉంది.

12 కోట్ల అమ్మకం, 12 కోట్ల కొనుగోలు పూర్తిగా కొట్టేయాలి. ఇది అందరికీ వచ్చు. మిగిలిన సరుకులో ఉన్న లాభం దగ్గరే తడబడతారు. ఇల్లంతా ఒకటే అనుకున్నాక, ఒక గదిలోంచి ఇంకో గదికి బస్తా మార్చినంత మాత్రాన లాభం రాదు కదా. బయటివాళ్లు కొన్నప్పుడే లాభం.

ఎంత తీసేయాలి? 1.8 కోట్లకు 20 శాతం, 36 లక్షలు అంటారు చాలామంది. కాదు. 20 శాతం అనేది కొన్న ధర మీద. వంద రూపాయల సరుకు నూట ఇరవై అయింది, కాబట్టి నూట ఇరవైలో ఇరవై తీయాలి. 1.8 కోట్లలో ఆరో వంతు, 30 లక్షలు. స్టాకు 1.5 కోట్లకు దిగుతుంది, గ్రూపు లాభం 30 లక్షలు తగ్గుతుంది. ఇందాక దారిలో ఉన్న 18 లక్షల సరుకుంది చూశారా, దాన్నీ ఈ 1.8 కోట్లలో కలిపి ఉంటే సరే, లేకపోతే దాన్లోనూ 3 లక్షలు తీయాలి.

పన్ను సంగతి చాలామంది అడుగుతారు. ఏఎస్ లెక్కలో ఈ 30 లక్షల మీద డిఫర్డ్ టాక్స్ (పన్నులో కాలం తేడా సర్దుబాటు) పెట్టం. గ్రూపు పన్ను అంటే కంపెనీల పన్నుల కూడిక, అంతే. ఇండ్ ఏఎస్ అయితే పెట్టాలి.

రెండో సంవత్సరం నేను చేసిన పొరపాటు ఈ 30 లక్షలతోనే. ఈ ఎంట్రీ ఏ కంపెనీ టాలీలోనూ ఉండదు, ఎక్సెల్ షీటులోనే ఉంటుంది. కొత్త సంవత్సరంలో ఆ పాత బస్తాలన్నీ కారం పొడి అయి బయటికి అమ్ముడుపోయాయి, అంటే ఆ 30 లక్షల లాభం ఇప్పుడు నిజంగానే వచ్చింది. కాబట్టి మొదటి రోజు ప్రారంభ రిజర్వుల్లోంచి 30 లక్షలు తీసి, ఈ సంవత్సరం లాభంలో కలపాలి. తర్వాత ఈ ఏడాది చివర మిగిలిన స్టాకుకి కొత్తగా లెక్కవేసి తీయాలి. నేను కొత్తది తీశాను గానీ పాతది కలపలేదు. నిరుటి గ్రూపు రిజర్వుల ముగింపు నిల్వకీ, ఈ ఏటి ప్రారంభ నిల్వకీ సరిగ్గా 30 లక్షలు తేడా వచ్చింది. అంకె గుర్తుంది కాబట్టి ఈసారి మాత్రం ఐదు నిమిషాల్లో పట్టుకున్నాను.

అందుకే ఏటా మొదట చేసే పని ఇదే: నిరుటి షీటు తెరిచి, అందులో లాభాన్ని తాకిన ప్రతి ఎంట్రీనీ కొత్త షీటులో ప్రారంభ రిజర్వుల మీద మళ్లీ రాయడం. గుడ్‌విల్, మైనారిటీ వాటా, స్టాకు లాభం, అన్నీ. ప్రారంభ నిల్వలు నిరుటి ముగింపుతో కలిశాకే ఈ ఏటి అంకెలు ముట్టుకుంటాం.

దుబాయ్, లారీలు

లారీల కంపెనీది చిటికెలో పని. ఆస్తులూ అప్పులూ ఒక్కొక్కటీ తేనక్కర్లేదు. దాని లాభం 40 లక్షలైతే మా 30 శాతం 12 లక్షలు గ్రూపు లాభంలో ఒకే వరుసలో వస్తుంది, పెట్టుబడి విలువ అంతే పెరుగుతుంది. డివిడెండ్ వస్తే పెట్టుబడి తగ్గుతుంది. ఇదంతా గ్రూపు పట్టీలోనే. కారం కంపెనీ సొంత పట్టీలో ఆ పెట్టుబడి కొన్న ధర దగ్గరే కూర్చుంటుంది.

దుబాయ్ కంపెనీకి రెండు చిక్కులు. దాని సంవత్సరం డిసెంబర్ 31తో ముగుస్తుంది. తేదీల తేడా ఏఎస్ 21 ప్రకారం ఆరు నెలలు, ఇండ్ ఏఎస్ 110 ప్రకారం మూడు నెలలు మించకూడదు, కాబట్టి డిసెంబర్ లెక్కలు తీసుకుని మధ్యలో జరిగిన పెద్ద లావాదేవీలు సర్దినా నడుస్తుంది. నేను మాత్రం ఒప్పుకోలేదు. జనవరి నుంచి మార్చి దాకా కొత్త పంట సరుకు పంపే కాలం. ఆ మూడు నెలలూ సర్దుబాటు చేయడం కంటే మార్చి 31కి విడిగా లెక్కలు తయారుచేయించుకోవడమే సుఖం. అక్కడి అకౌంటెంట్ కేరళ అబ్బాయి, ఏప్రిల్ 20కల్లా పంపేస్తాడు.

రెండోది దిర్హామ్. డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంటుంది, కాబట్టి మనకు డాలర్ ఎటు పోతే అదీ అటే. ఆస్తులు, అప్పులు మార్చి 31 రేటులో, ఆదాయం, ఖర్చులు సంవత్సరం సగటు రేటులో మార్చాలి. ఏడాది మొదట్లో నికర ఆస్తులు 20 లక్షల దిర్హామ్‌లు, అప్పటి రేటు 22.70 రూపాయలు. లాభం 3 లక్షల దిర్హామ్‌లు, సగటు 23.00. చివర రేటు 23.30 అనుకుందాం. మొదటిది 454 లక్షల రూపాయలు, లాభం 69 లక్షలు, కలిపి 523 లక్షలు. కానీ చివర 23 లక్షల దిర్హామ్‌లను 23.30తో మారిస్తే 535.9 లక్షలు. తేడా 12.9 లక్షలు. ఇది మనం సంపాదించింది కాదు, రూపాయి తగ్గినందువల్ల వచ్చింది. లాభంలో కలపకుండా విదేశీ మారకం రిజర్వులో వేరుగా పెట్టాలి. ఆ తేడా కూడా ఊరికే మిగిలిన అంకెగా వేసేయకండి, విడగొట్టి రుజువు చూసుకోండి: 20 లక్షల మీద 60 పైసలు, అంటే 12 లక్షలు, 3 లక్షల మీద 30 పైసలు, అంటే 90 వేలు.

కాగితాలు

షీటులో ప్రతి కొట్టివేతకూ ఒక నంబరు, పక్కన ఒక వాక్యం కారణం, ఏ లెడ్జర్ చూసి రాశామో ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏం మార్చారో రికార్డయ్యే ఎడిట్ లాగ్ ఉండాలన్నారు. ఎక్సెల్ షీటుకి అలాంటి కాపలా లేదు, కాబట్టి ఆ కాపలా మనమే కాయాలి. మా దగ్గర ఒకరు రాస్తే ఇంకొకరు టిక్ పెడతారు, ఆ తర్వాత ఫైలుకి తాళం.

కంపెనీల చట్టంలోని షెడ్యూల్ III ప్రకారం ఒక అదనపు పట్టిక అడుగుతారు: గ్రూపు నికర ఆస్తుల్లో, లాభంలో ఒక్కో కంపెనీ వాటా ఎంత శాతమని. దీన్ని చివర్లో హడావిడిగా చేయకండి. ఏ కంపెనీ గ్రూపును మోస్తోందో, ఏది కూర్చుని తింటోందో ఒక్క చూపులో కనిపించేది అందులోనే. మా చైర్మన్ గారు మొత్తం పుస్తకంలో చదివేది అదొక్క పేజీయే.

సెప్టెంబర్ 30లోపు వార్షిక సమావేశం, అక్కడి నుంచి 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఏఓసీ-4 ఫారం, కన్సాలిడేటెడ్‌కి ఏఓసీ-4 సీఎఫ్‌ఎస్ వేయాలి. మధ్యలో ఉన్న హోల్డింగ్ కంపెనీలకు ఒక మినహాయింపు ఉంది: లిస్టెడ్ కాకుండా, పైనున్న కంపెనీ కన్సాలిడేటెడ్ లెక్కలు రిజిస్ట్రార్‌కి ఇస్తూ, మిగతా షేర్‌హోల్డర్లకు రాతపూర్వకంగా తెలిపితే వాళ్లు అభ్యంతరం చెప్పకపోతే, మధ్యది మళ్లీ చేయనక్కర్లేదు. ఉత్తరాలు పంపిన రుజువులు ఉంచుకోండి.

వీటితో పాటు ఏఓసీ-1 ఫారం జత చేయాలి. సబ్సిడరీలు, అసోసియేట్ల ముఖ్యమైన అంకెలు అందులో ఉంటాయి. విదేశీ సబ్సిడరీకి ఏ కరెన్సీలో లెక్కలు రాస్తున్నారో, సంవత్సరం చివరి రోజు మారకం రేటు ఎంతో రాసే గడి ఒకటి ఉంది. మేం మొదటిసారి దుబాయ్ వివరాలు నింపినప్పుడు అక్కడ సగటు రేటు వేశాం. అంకెలేమో 23.30తో మార్చినవి, పక్కన రాసింది 23.00. పంపే ముందు రోజు రాత్రి ఎందుకో క్యాలిక్యులేటర్ తీసుకుని గుణించి చూస్తే బయటపడింది. మీరు కూడా ఆ గడిలో ఉన్న రేటుతో దిర్హామ్ అంకెను ఒకసారి గుణించి చూసుకుని అప్పుడు సంతకానికి పంపండి.